ఫోటో లేని ఏడుగురు

చెన్నైకి దిగువన, తేంగాయితిట్టు రేవులో ఒక బుట్ట వంజరం చేపల రేటు తేలేలోపు ముని చచ్చిపోయాడు.

2008 అక్టోబరు, బుధవారం, పొద్దున ఆరున్నర. పడవలన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి. వేలం వేసేవాళ్ళ గొంతులు, బుట్టల కోసం ఆడవాళ్ళ తోపులాట, కాళ్ళకింద చేపల నీళ్ళు. పడవ డ్రైవరు ముని ఆ జనంలోంచి పక్కకి ఒదుగుతూ ఐస్ బండి దగ్గరికి వచ్చాడు. బండివాడు లుంగీ మోకాళ్ళపైకి ఎగ్గట్టి, తలకి తువ్వాలు చుట్టి, బీడీ కాలుస్తున్నాడు. బీడీ అంటే అతనికి పరమ అసహ్యం. అయినా రెండేళ్ళుగా ఆ రేవులో రోజుకో కట్ట ఊదిపారేస్తున్నాడు. అతని పేరు నరేంద్రన్. ఐస్ బండి అతని వేషం. ఉద్యోగం గూఢచారి.

"వంజరం ఎట్టా?" అన్నాడు ముని. అది కోడ్.

"తల తీసేస్తే చవక," అన్నాడు నరేంద్రన్. అది జవాబు.

ముని చెప్పాల్సింది చెప్పడానికి నోరు తెరిచాడు. వెనకనుంచి ఎవరో అతన్ని రాసుకుంటూ వెళ్ళారు, అంతే. నోరు తెరుచుకునే ఉండిపోయింది. ఐస్ పగలగొట్టే సూది పక్కటెముకల మధ్య పిడిదాకా దిగి ఉంది. ముని నరేంద్రన్ ముఖంలోకి చూస్తూ చెయ్యి చాపాడు. పట్టుకోమని.

నరేంద్రన్ పట్టుకోలేదు. పట్టుకుంటే రెండేళ్ళ వేషం గంగలో కలిసినట్టే. అతను బీడీ కింద పడేసి, కాలితో నలిపి, బండి తోసుకుంటూ పక్కకి పోయాడు. వెనక ఎవరో ఆడమనిషి కేక వేసింది. అటుపక్క వంజరం వేలంపాట మాత్రం ఆగలేదు.

*

నెల్లితోపులో, బస్సులు తిరిగే మలుపు దగ్గర ఒక రెండంతస్తుల మేడ ఉంది. దాని మీద 'చేపల గణాంకాల ఉపకేంద్రం' అని బోర్డు. లోపల నిజంగానే చేపల లెక్కలు రాసే గుమాస్తాలు నలుగురున్నారు, పాపం, వాళ్ళకేమీ తెలియదు. పై అంతస్తులో ఉండేది తీరాన్ని కాపలా కాసే రహస్య విభాగం. సముద్రం మీద పరాయి పడవ కనిపిస్తే చెవిన వేసే మనుషులు ఆ విభాగానికి రెండువందల పన్నెండు మంది. వాళ్ళ అసలు పేర్లు, పడవల నంబర్లు, ఇళ్ళ గుర్తులు ఒకే ఒక్క చోట ఉన్నాయి. ఆ చోటు పేరు పెట్టె.

పెట్టె అంటే నెట్‌వర్క్ స్టోరేజ్. 2004లో కొన్నది. నాలుగు గదులు, ఒక్కో గదిలో రెండువందల యాభై జీబీ డిస్కు. బయటి ప్రపంచానికి దాని నుంచి ఒక్క వైరు కూడా పోదు.

"ముని పేరు పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేదు," అన్నాడు చీఫ్ పట్టాభిరామన్. ఎదురుగా ప్లేటులో ఇడ్లీలు. మనిషి చనిపోయిన వార్త విన్నాక కూడా చట్నీ ఎక్కువ వేయించుకున్న మనిషి. "అంటే లీక్ ఇక్కడే. సోమవారం నుంచి మనం పెట్టెని అప్‌గ్రేడ్ చేస్తున్నాం. సరిగ్గా ఈ మూడు రోజుల్లోనే. చూడు."

నరేంద్రన్‌కి అప్‌గ్రేడ్ సంగతి తెలుసు. ఫోటోలతో, పడవల వీడియోలతో పెట్టె గొంతుదాకా నిండింది. కొత్తది కొనడానికి ఢిల్లీ ఒప్పుకోలేదు, డిస్కులు మాత్రం పెద్దవి వేసుకోమంది. అందుకని రోజుకొక పాత డిస్కు పీకి, ఆ గదిలో వన్ టెరాబైట్ కొత్తది తోస్తారు. మిగతా మూడింటిని చూసుకుని పెట్టె ఆ కొత్తదాన్ని నింపుకుంటుంది. దాన్నే రీబిల్డ్ అంటారు. దానికి ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. అది ముగిశాకే రెండోది పీకాలి. తొందరపడి మధ్యలో ఇంకోటి లాగితే మొత్తం డేటా గోవిందా. పీకిన పాతవాటిని సీలు వేసి బీరువాలో పెడతారు, ఆఖర్న డ్రిల్లుతో తూట్లు పొడుస్తారు.

ఈ పని చేస్తున్న ఇంజినీరు ప్రీతి. చెన్నై నుంచి వస్తుంది. ఆమె మెట్లెక్కుతుంటే కింద గుమాస్తాలు నలుగురూ వంజరం కాలమ్‌లో రొయ్యలు రాసేస్తారు. షిఫాన్ చీర, నల్ల కళ్ళద్దాలు, ఆమె వెళ్ళిపోయిన పావుగంటకి కూడా మెట్ల మీద నిలిచి ఉండే సెంటు.

నరేంద్రన్ బీరువా తెరిపించాడు. తాళాలు కనకం దగ్గర ఉంటాయి. యాభై ఏళ్ళు దాటిన మనిషి, ఆఫీసు పుట్టినప్పటి నుంచి అటెండరు. ఆమెవాళ్ళు కూడా నరేంద్రన్ వాళ్ళలాగే తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగే, తెలుగు చదవడం మాత్రం రాదు. అతను ఆమెని అత్తా అనే పిలుస్తాడు.

రెండు డిస్కులూ ఉన్నాయి. సీలు ఉంది. లేబుల్ మీద సీరియల్ నంబర్లు రిజిస్టరుతో సరిగ్గా సరిపోయాయి. నరేంద్రన్ నిట్టూర్చి వాటిని తిరిగి పెట్టేయబోయాడు.

"ఇట్టా ఇయ్యి," అంది కనకం. ఒక డిస్కు తీసుకుని ఎండకి తిప్పి చూసింది. "ఇదేంది నరేంద్రా, ఇది నా చేతి బొట్టు కాదే."

"ఏ బొట్టత్తా?"

కనకం కొంచెం సిగ్గుపడింది. తర్వాత అసలు సంగతి బయటపడింది. ఏటా ఆయుధపూజ నాడు పెట్టెని ఆపేసి, ఎవరికీ చెప్పకుండా నాలుగు డిస్కులూ బయటికి లాగి, అరిటాకు మీద వరసగా పరిచి, ఒక్కోదానికీ గంధం పూసి కుంకుమ పెట్టి, మళ్ళీ ఎక్కడివక్కడ తోసేస్తుందట. పోయిన వారం కూడా చేసింది. ఇది వింటే ఏ ఇంజినీరుకైనా గుండె ఆగుతుంది.

"అయితే బొట్టు ఉంది కదత్తా, ఇదిగో."

"ఉండేది ఒక పూజది. నేను ఐదు పూజలు చేసినా. పాతది తుడవకూడదు, దాని మీదనే పెట్టల్ల. ఆ వేడికి గంధం కాగి, నల్లబడి, పగిలి, వక్కపలుకు మాదిరి అయిపోయి ఉంటాది. ఇది యాడ పగిలింది? పైగా సెంటు వాసనొకటి. అంగట్లో కొన్న గంధం."

నరేంద్రన్ రెండో డిస్కు చూశాడు. అదీ అంతే. పసుపచ్చగా, నున్నగా, వారం కిందటి గంధం. ప్రీతి సీరియల్ నంబర్లు దింపింది, గీతలు దింపింది, చివరికి బొట్టు కూడా దింపింది. ఆ బొట్టు కింద ఇంకో నాలుగు బొట్లుంటాయని మాత్రం ఆమెకి తట్టలేదు. అసలు డిస్కులు రెండూ ఎప్పుడో గడప దాటేశాయి.

నరేంద్రన్ పరుగున చీఫ్ గదికి వెళ్ళాడు. పిస్తోలు నడుముకి ఉందో లేదో తడిమి చూసుకుంటూనే చెప్పాడు. "ప్రీతి సార్. మూడు డిస్కులుంటే చాలు, లిస్టు మొత్తం తెరుచుకుంటుంది. రెండు పోయాయి. మూడోది ఈ పూట పీకుతుంది."

పట్టాభిరామన్ చెయ్యి కడుక్కుని, తువ్వాలుకి తుడుచుకుని, తలుపు వేశాడు.

"కూర్చో. ప్రీతి పనే. కానీ ప్రీతి మన మనిషే."

*

చీఫ్ బ్రీఫింగ్ నాలుగు నిమిషాలు నడిచింది. ఆ నాలుగు నిమిషాలనీ నరేంద్రన్ తర్వాత జన్మంతా తలుచుకున్నాడు.

ఈ తీరంలో ఆయుధాలు దింపే విదేశీ ముఠా ఒకటి ఉంది. దాని నాయకుణ్ణి అందరూ కెప్టెన్ అంటారు. ఆరేళ్ళుగా నేలమీద కాలు పెట్టలేదు. అతను ఎవరినీ నమ్మడు. లిస్టు మాత్రం స్వయంగా తన కళ్ళతో తెరిచి చూసుకోవాలంటాడు. అందుకే పట్టాభిరామన్ ప్రీతిని అతనికి అమ్ముడుపోయినట్టు నటించమన్నాడు. సోమవారం ఒక డిస్కు, మంగళవారం ఒకటి. ఈ రోజు నాలుగు గంటలకి కెప్టెన్ తేంగాయితిట్టులో పడవ మీదికి వస్తాడు, మూడోదాని కోసం.

"రెండు డిస్కులతో వాళ్ళేమీ చదవలేరు కద సార్. మరి ముని?"

"అక్కడే చిన్న చిక్కు." పట్టాభిరామన్ కాగితం మీద నాలుగు గళ్ళు గీశాడు. "పెట్టె ప్రతి ఫైలునీ ముక్కలు కోసి నాలుగు డిస్కులకీ పంచుతుంది. ముక్క సైజు అరవైనాలుగు కేబీ. ఫోటో ఉన్న ఫైలు పెద్దది, పది ముక్కలవుతుంది. ఒకటి రెండు డిస్కులు పట్టుకుని ఎవడూ దాన్ని చదవలేడు. ఫోటో లేని ఫైలు ఉంటుంది చూడు, పేరు, ఊరు, పని, అంతే. రెండు మూడు కేబీ. దాన్ని కొయ్యడానికేముంది? పూర్తిగా ఒకే డిస్కులో కూర్చుంటుంది. అట్లాంటివి ఆ రెండింటిలో ఏడు పడ్డాయి."

నరేంద్రన్ ఆ గళ్ళ కాగితాన్ని తనవైపు తిప్పుకున్నాడు.

"ఏడుగురిలో ముని ఒకడు. సరుకు అసలుదా కాదా అని చూడటానికి చంపారు. ఇప్పుడు మిగతా ఆరుగురి మీద కన్నేసి ఉంటారు. ఆ ఆరుగురిలో ఒక్కడు పారిపోయినా, మనం హెచ్చరించామని కెప్టెన్‌కి అర్థమవుతుంది. రాడు. కాబట్టి నాలుగింటి దాకా ఎవడి చోట వాడుండాలి. ఎవరికీ ఫోన్ లేదు." పట్టాభిరామన్ పెన్సిల్ కింద పెట్టాడు. "మీ బావ పేరు కూడా అందులో ఉంది. నువ్వు ఫోటో పెట్టలేదు కదా."

పెట్టలేదు. దామోదరన్ అక్క మీనా మొగుడు. తేంగాయితిట్టులో ఐస్ ఫ్యాక్టరీ నడుపుతాడు. పడవలన్నీ ఐస్ కోసం అతని దగ్గరికే వస్తాయి కాబట్టి అతని చెవిన పడని కబురుండదు. రెండేళ్ళ కిందట నరేంద్రనే అతన్ని చేర్పించాడు, అక్కకి తెలియకుండా. ఫైలు రాసేటప్పుడు ఫోటో అంటించబోయి ఆగిపోయాడు. ముఖం లేకపోతే కొంచెం క్షేమం అనుకున్నాడు. మిగతా ఆరుగురి ఫైళ్ళూ అట్లాగే ప్రేమగా రాసినవే అయి ఉంటాయి. కాపాడాలనుకున్నవాళ్ళనే ఏరి ఏరి బలికి పెట్టినట్టయింది.

"వాళ్ళకి చెప్పకుండా చంపిస్తున్నాం సార్."

"రెండువందల ఐదుగురిని బతికిస్తున్నాం," అన్నాడు పట్టాభిరామన్.

సరిగ్గా అప్పుడే నరేంద్రన్ సెల్ మోగింది. స్క్రీన్ మీద అక్క పేరు. చీఫ్ తల ఊపాడు, మాట్లాడు అన్నట్టు. స్పీకర్ ఆన్ చెయ్యమని వేలితో చూపించాడు.

"తమ్ముడా, యాడుండావు? మీ బావకి రాత్రి నుంచి ఒళ్ళు కాలతా ఉంది. ఫ్యాక్టరీకి పోవద్దంటే వినేదే లేదు, లోడు ఉందంటా ఉండాడు. నా మాట ఎప్పుడు విన్నాడు గనక. నువ్వు చెప్తే వింటాడురా. ఈ పొద్దు ఇంట్లోనే పడుకోమని ఒక మాట చెప్పు. ఇదో ఇస్తా ఉండా."

"ఏందిరా నరేంద్రా," అన్నాడు దామోదరన్. గొంతు బొంగురుపోయి ఉంది. "మీ అక్క నన్ను చంటిపిల్లోణ్ణి చేస్తా ఉంది. నువ్వేమంటావు? నిజం చెప్పాలంటే నాకూ లేయబుద్ధి కావడంలేదు. ఉండిపోనా?"

పట్టాభిరామన్ అతన్నే చూస్తున్నాడు. కోపం లేదు, బెదిరింపు లేదు. జవాబు తప్పు చెబితే ఇంకో ఏజెంటుని చూసుకునే ముఖం.

ఉండిపో బావా. ఆ రెండు మాటలూ నరేంద్రన్ నాలుక మీదికి వచ్చాయి.

"జ్వరానికేముంది బావా," అన్నాడు. "మాత్ర వేసుకొని పో. లోడు ఎక్కించకపోతే పడవలోళ్ళు ఊరుకుంటారా? సాయంత్రం నాలుగున్నరకి నేనొచ్చి ఇంటికి తీసుకొస్తాలే."

"సరి అట్లయితే," అన్నాడు దామోదరన్. వెనక మీనా ఏదో సణిగింది. ఫోన్ ఆగిపోయింది.

పట్టాభిరామన్ అతని భుజం తట్టాడు. నరేంద్రన్‌కి ఆ చెయ్యి విరిచెయ్యాలనిపించింది. విరవలేదు. తన మీద తనకి అంతకంటే ఎక్కువ అసహ్యం వేస్తోంది.

*

చీఫ్ ఇచ్చిన గాడ్జెట్ చూడటానికి మామూలు ప్లాస్టిక్ హాట్‌బాక్స్. పైన నిమ్మకాయ అన్నం, అడుగున రాగి చుట్ట, బ్యాటరీ. డిస్కు మీద పెట్టి మూత గుండీ ఐదు సెకన్లు నొక్కితే చాలు, అయస్కాంతం దెబ్బకి డిస్కులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది.

"బ్యాటరీ రెండు దెబ్బలకే," అన్నాడు చీఫ్. "ఒకటి మూడో డిస్కుకి. ప్రీతికి తెలియనివ్వకు. తన చేతిలో ఉన్నది అసలుదే అనుకుంటే ముఖం అబద్ధం చెప్పదు. నువ్వు ఆమె డ్రైవరువి. మొదటి తుపాకీ మోత మా సిగ్నల్. ఎవరు కాల్చారన్నది ముఖ్యం కాదు."

రెండున్నరకి ప్రీతి మూడో గది తెరిచి డిస్కు పీకింది. దాని మీద గంధం నల్లబడి, పగిలి, అచ్చం కనకం చెప్పినట్టే ఉంది. కొత్తది తోయగానే పెట్టె బీప్ బీప్ అంటూ రీబిల్డ్ మొదలెట్టింది. ప్రీతి చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు నరేంద్రన్ మూడోదాని పని ముగించాడు. ఒక దెబ్బ అయింది.

"కారు తియ్యండి నరేంద్రన్. లాగ్ ఫైల్ కాపీ చేసుకుని రెండు నిమిషాల్లో వస్తా," అంది ప్రీతి.

ఆరు నిమిషాలకి వచ్చింది.

తెల్ల యూనిఫాం, అతికించిన మీసంతో నరేంద్రన్ కారు నడుపుతున్నాడు. సగం దారిలో కనకం ఫోన్ చేసింది. "నరేంద్రా, పెట్టె ఏడస్తా ఉంది."

"డిస్కు మారిస్తే అట్లనే అంటాది అత్తా. సోమవారం కూడా అన్నింది కదా."

"సోమవారం ఆగి ఆగి ఏడ్చింది. ఈ పొద్దు ఆపకుండా ఏడస్తా ఉంది. ఫోన్ చేస్తే సారు కట్ చేస్తా ఉండాడు."

వెనక సీట్లో ప్రీతి అద్దం తీసి లిప్‌స్టిక్ దిద్దుకుంటోంది. "తర్వాత చూస్తానత్తా," అని నరేంద్రన్ ఫోన్ పెట్టేశాడు. కారు ఐస్ ఫ్యాక్టరీ గేటు ముందునుంచే పోయింది. బావ స్కూటరు లోపల నీడలో నిలబెట్టి ఉంది. గడియారం మూడూ నలభై. ఆపడానికి బ్రేకు మీద కాలు వేస్తే చాలు. అతను గేరు మార్చి ముందుకి పోయాడు.

*

పడవ రేవు చివర కట్టి ఉంది. ఇద్దరు కాపలావాళ్ళు నరేంద్రన్‌ని తల నుంచి కాలిదాకా తడిమారు, సెల్ లాక్కున్నారు, హాట్‌బాక్స్ మూత తీసి నిమ్మకాయ అన్నం వాసన చూసి వదిలేశారు. కింది క్యాబిన్‌లో జనరేటర్ మోత. బల్ల మీద అచ్చం ఆఫీసులో ఉన్నట్టే ఒక పాత పెట్టె. అదే మోడల్, పాత సామాన్లలో వెతికి కొన్నది. దాని వెనక కెప్టెన్. పొట్టి మనిషి, స్కూలు మాస్టారులాంటి కళ్ళద్దాలు. ఆరేళ్ళుగా ఇంతమందిని చంపించింది ఈ బక్క ప్రాణమా అనిపించింది నరేంద్రన్‌కి.

"త్వరగా," అన్నాడు కెప్టెన్ ఇంగ్లీషులో.

ప్రీతి మూడు డిస్కులూ వరసగా తోసింది. ఒకటి పచ్చ. రెండు పచ్చ. మూడో దీపం కాసేపు మిణుకు మిణుకుమని ఎర్రగా నిలిచిపోయింది.

కెప్టెన్ తుపాకీ తీసి పెట్టె పక్కన పెట్టాడు. చీఫ్ లెక్క ప్రకారం ఇక్కడితో కథ ముగియాలి. ఇక్కడ ప్రీతి భయపడాలి.

ప్రీతి నవ్వింది.

"మా చీఫ్ తుడిపించేసి ఉంటాడు. నాకు తెలుసు," అంది. "ఇంజినీరు స్పేర్ లేకుండా బయల్దేరదు కెప్టెన్." హ్యాండ్‌బ్యాగ్ తెరిచి రుమాలులో చుట్టిన డిస్కు తీసింది. దాని మీద ఐదు పూజల గంధం నల్లగా పగిలి ఉంది.

మూడోది ఆల్రెడీ పెట్టెలో ఉంది. కాబట్టి ఇది నాలుగోది. ఆఫీసు పెట్టె ఆపకుండా ఎందుకేడ్చిందో నరేంద్రన్‌కి అప్పుడు అర్థమైంది. రీబిల్డ్ మధ్యలో నాలుగోది కూడా పీకేసి వచ్చింది. లిస్టు ఇక మన దగ్గర లేదు, మొత్తం ఇక్కడే ఉంది. అమ్ముడుపోయినట్టు నటించమంటే ఆమె నిజంగానే అమ్ముడుపోయింది.

"ఈ డ్రైవరు?" అన్నాడు కెప్టెన్.

"వాళ్ళ మనిషే. లిస్టు తెరిచాక మీ ఇష్టం," అంది ప్రీతి, నరేంద్రన్‌కి కూడా అర్థమయ్యేలా నిదానంగా ఇంగ్లీషులో, నాలుగో డిస్కు తోస్తూ. మూడు పచ్చ దీపాలు వెలిగాయి. "పాత పెట్టె కదా. తెరుచుకోవడానికి ఐదు నిమిషాలు పడుతుంది."

కెప్టెన్ ఫోన్ మోగింది. విన్నాడు. తృప్తిగా తల ఊపాడు. "మంచిది. లిస్టు అసలుదే, ఎవరినీ హెచ్చరించలేదు. ఆ ఐస్ ఫ్యాక్టరీ ఆయన తన కుర్చీలోనే కూర్చుని ఉన్నాడట. మావాళ్ళు ఇప్పుడే ముగించారు." ఫోన్ జేబులో వేసుకుంటూ నవ్వాడు. "ఇంత ఎండలో దుప్పటి కప్పుకుని ఉన్నాడట, పాపం."

ఉండిపోనా, అని అడిగాడు బావ. ఆ గొంతు చెవిలోనే ఉంది. ఇప్పుడు అరిస్తే బావ రాడు. చచ్చిపోతే అక్కకి చెప్పేవాడు కూడా ఉండడు. మిగిలింది చేతిలో హాట్‌బాక్స్, అందులో ఒకే ఒక్క దెబ్బ.

స్క్రీన్ మీద ఎనభై శాతం.

"చంపేస్తే చంపండి," అన్నాడు తమిళంలో, ఏడుపు గొంతుతో. ఆ ఏడుపు నటన కాదు. "ఒక ముద్ద తిననివ్వండయ్యా. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు." కాళ్ళు వణుకుతున్నవాడిలా ముందుకి తూలి, బల్ల పట్టుకుని, హాట్‌బాక్స్ పెట్టె నెత్తిన పెట్టాడు. మూత తీయబోతున్నట్టు గుండీ మీద బొటనవేలు వేశాడు.

ఒకటి. తొంభై శాతం. రెండు. కాపలావాడు నవ్వాడు. మూడు. ప్రీతి తల తిప్పి హాట్‌బాక్స్‌ని చూసింది. నాలుగు. స్క్రీన్ మీద ఫోల్డరు పేరు పడింది. ప్రీతి కళ్ళు పెద్దవయ్యాయి. ఐదు.

ఫోల్డరు మాయమైంది. దీపాలు వరసగా ఎర్రబడ్డాయి.

"స్పేర్ అన్నావు," అన్నాడు కెప్టెన్, చాలా మెల్లగా.

ప్రీతి హాట్‌బాక్స్ వైపు వేలు చాపింది. ఏదో చెప్పబోయింది. ఆ వేలు అట్లా చాపి ఉండగానే కెప్టెన్ ఆమెని కాల్చేశాడు. అదే సిగ్నల్.

తర్వాతి ముప్ఫై సెకన్లలో పైన బూట్ల చప్పుడు, అరుపులు, ఇద్దరు కాపలావాళ్ళ చావు. నరేంద్రన్ పెట్టెని రెండు చేతులా ఎత్తి కెప్టెన్ ముఖం మీద కొట్టాడు. కళ్ళద్దాలు పగిలాయి. మళ్ళీ కొట్టాడు. మూడోసారి కొడుతుంటే ఎవరో వెనకనుంచి పట్టుకున్నారు.

"చాలు. వాడు మాట్లాడాలి," అన్నాడు పట్టాభిరామన్. ప్రీతిని దాటుకుంటూ వచ్చి, కిందికి చూసి, చీర కుచ్చెళ్ళు తొక్కకుండా పక్కకి అడుగేశాడు. "గుడ్ వర్క్."

"సార్, మా బావ."

"తెలుసు. నాలుగింటికి. ఫ్యాక్టరీ గేటు దగ్గర మన మనిషొకడు ఉన్నాడు."

"ఉండి ఏం చేశాడు?"

"చూశాడు," అన్నాడు పట్టాభిరామన్. "పొద్దున మునిని నువ్వు చూడలేదూ?"



*

మీనా ఏడవలేదు. ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని, బావ దుప్పటి మడత పెట్టి ఒళ్ళో పెట్టుకుని ఉంది. నరేంద్రన్ పక్కన కూర్చుంటే తల ఎత్తింది.

"నేను పోవద్దన్నా. నువ్వు పొమ్మన్నావు," అంది. "నువ్వు చెప్తేనే పోయినాడురా."

"నాకెట్టా తెలుస్తుందక్కా," అన్నాడు నరేంద్రన్. ఆ రోజు అతను చెప్పిన అబద్ధాల్లో అది ఆఖరిది. మీనా అతని ముఖంలోకి చూసి, దూరంగా జరిగి కూర్చుంది.

వారం తర్వాత ఆఫీసు పెట్టె మళ్ళీ మొదలైంది. లోపల నాలుగూ కొత్త డిస్కులు. పాత లిస్టు తిరిగి రాలేదు. కెప్టెన్ దొరకడంతో ఫోటో లేని మిగతా ఐదుగురూ బతికిపోయారు. ఏజెంట్లందరూ తమ తమ మనుషుల వివరాలు గుర్తున్నంత మేరకు మళ్ళీ ఎక్కించాలని చీఫ్ ఆర్డరు. ఈసారి ఫోటో తప్పనిసరిగా ఉండాలని రాశాడు. కెప్టెన్‌ని పట్టినందుకు ఢిల్లీ నుంచి అభినందనల లేఖ వచ్చింది. దాన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకున్నాడు.

కనకం కొత్త డిస్కులకి గంధం రాసింది. "ఇవైనా చాలినంత కాలం చాలుతాయా?" అనడిగింది.

"నాలుగేళ్ళు చాలుతాయత్తా. అప్పుడు మళ్ళీ ఒక్కొక్కటే పీకి, బయటికి తీసి, ఇంకా పెద్దవి వేస్తారు."

ఆమె వెళ్ళాక నరేంద్రన్ కీబోర్డు ముందుకి లాక్కున్నాడు. ఖాళీ పెట్టెలో మొట్టమొదటి ఫైలు. పేరు: పట్టాభిరామన్. ఇల్లు, వీధి, పొద్దున వాకింగ్‌కి వెళ్ళే దారి, ఒంటరిగా వెళ్ళే వేళ, అన్నీ ఓపికగా, ఒక్క తప్పు లేకుండా టైపు చేశాడు.

ఫోటో జత చెయ్యాలా అని కంప్యూటర్ అడిగింది. వద్దన్నాడు. ఫైలు సైజు సరిగ్గా రెండు కేబీ వచ్చింది.